హార్డీ-వైన్‌బర్గ్ టెస్ట్‌లో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 1 ఎందుకు? సిమిలిపాల్ నల్లపులులకి కై-స్క్వేర్ సున్నా వచ్చింది, కరెక్టేనా?

గళ్ళచొక్కా:

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ జువాలజీ సెకండ్ సెమ్ నేను. పాపులేషన్ జెనెటిక్స్ అసైన్‌మెంట్‌లో రెండు చోట్ల ఇరుక్కుపోయా, క్లాస్‌లో అడిగితే తలా ఒకటి చెప్తున్నారు, అందుకే ఇక్కడ పెడుతున్నా. కొత్తవాళ్ళకి ఒక్క మాట: ఒక జీన్‌కి రెండు రూపాలు (అల్లీల్స్) ఉంటే వాటి వాటాలే పి, క్యూ. జతలు యాదృచ్ఛికంగా కుదిరితే మూడు రకాల జీనోటైప్‌లు పి స్క్వేర్, 2 పిక్యూ, క్యూ స్క్వేర్ వాటాల్లో ఉండాలి, అదే హార్డీ-వైన్‌బర్గ్ ఈక్విలిబ్రియం. లెక్కపెట్టినవి (అబ్జర్వ్డ్) ఆ అంచనా (ఎక్స్‌పెక్టెడ్) నుంచి ఎంత దూరం ఉన్నాయో చెప్పేది కై-స్క్వేర్.

మొదటిది స్కార్లెట్ టైగర్ మాత్ లెక్క. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ దగ్గర కాట్‌హిల్ అనే చిత్తడి నేలలో ఉండే రెక్కపురుగు, ఫోర్డ్ డేటా అని చాలా పుస్తకాల్లో ఉంటుంది కదా అదే. మామూలువి (డొమినులా) 1469, మధ్యరకం (మెడియోనిగ్రా) 138, మచ్చలు బాగా తగ్గిపోయినవి (బైమాకులా) 5. మొత్తం 1612. మధ్యరకమే హెటిరోజైగోట్ (రెండు అల్లీల్స్ వేరువేరుగా ఉన్నది) కాబట్టి చూడగానే జీనోటైప్ తెలిసిపోతుంది. నేను పి 0.954, క్యూ 0.046 కట్టా, ఎక్స్‌పెక్టెడ్ 1467.4, 141.2, 3.4 వచ్చాయి, కై-స్క్వేర్ 0.83. ఇక్కడిదాకా ఓకే. మూడు క్లాసులు ఉన్నాయి కదా, 3 లోంచి 1 తీసేస్తే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 2 అని రాశా. మా మేడమ్ ఎర్ర పెన్నుతో కొట్టేసి 1 అని వేశారు, ఎందుకో రాయలేదు. మెండెల్ బఠాణీ లెక్కల్లో మూడు క్లాసులకి 2 యే కదా తీసుకున్నాం?

రెండోది మనమే ఒక వైల్డ్ పాపులేషన్ ఎంచుకుని టెస్ట్ చేయాలి. నేను ఒడిశా సిమిలిపాల్ నల్లపులులు తీసుకున్నా, 2023-24 లెక్కింపులో అక్కడ పెద్దపులులు 27, అందులో నల్లవి 13. నలుపు రెసెసివ్ (రెండు అల్లీల్స్ అవే అయితేనే కనిపిస్తుంది) కాబట్టి 13/27 కి రూట్ కడితే క్యూ 0.694, పి 0.306. దాన్నిబట్టి ఎక్స్‌పెక్టెడ్ నల్లవి 13, మామూలు చారలవి 14. అబ్జర్వ్డ్ కూడా 13, 14. కై-స్క్వేర్ సున్నా! పర్ఫెక్ట్ ఈక్విలిబ్రియం అని సంబరపడిపోతే మా రూమ్మేట్ "అంత నున్నగా వచ్చిందంటే ఎక్కడో తేడా కొట్టిందిరా" అన్నాడు. తేడా ఎక్కడుందో వాడికీ తెలీదు. ఎవరైనా చెప్పగలరా ప్లీజ్, సోమవారం సబ్మిషన్.

కూడికలతాత:

తమ్ముడూ, నీ రెండు డౌట్లకీ జవాబు ఒక్కటే, అది నువ్వు చూసుకోలేదు అంతే.

డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటే క్లాసుల సంఖ్యలోంచి ఒకటి తీసేయడం అని బట్టీ కొట్టేశాం అందరం. అసలు సంగతి ఏంటంటే ఎక్స్‌పెక్టెడ్ నంబర్లు కట్టడానికి నీ డేటా నుంచి ఎన్ని సంగతులు అప్పు తెచ్చుకున్నావో అన్నీ తీసేయాలి. మొత్తం 1612 అనేది డేటా నుంచే తెచ్చావు, ఒకటి పోయింది. మెండెల్ బఠాణీల్లో 1:2:1 అనే నిష్పత్తి థియరీ నుంచి వస్తుంది, నీ మొక్కల్ని లెక్కపెట్టకముందే తెలుసు, కాబట్టి అక్కడ ఇంకేం తీయక్కర్లేదు, 2 మిగులుతుంది. కానీ ఈ పురుగుల్లో పి 0.954 అని నీకు ఎవరు చెప్పారు? ఆ 1612 పురుగులే చెప్పాయి. ఇంకోటి పోయింది. 3 లో 2 పోతే 1. క్యూ కి విడిగా తీయక్కర్లేదు, పి తెలిస్తే అదే వచ్చేస్తుంది. మీ మేడమ్ కరెక్ట్. కటాఫ్ (కై-స్క్వేర్ అది దాటితే ఫెయిల్) కూడా మారుతుంది చూసుకో, 5.99 కాదు, 3.84. నీది 0.83 కాబట్టి ఎలాగూ పాసే, అదృష్టం.

ఇప్పుడు ఇదే రూల్ నీ పులులకి పెట్టు. క్లాసులు ఎన్ని? రెండే, నల్లవీ మామూలువీ. మొత్తం 27 కి ఒకటి పోయింది, డేటా నుంచి క్యూ కట్టినందుకు ఇంకోటి పోయింది. మిగిలింది సున్నా. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ సున్నా అంటే టెస్ట్ చేయడానికి అసలు ఏమీ మిగల్లేదు. బియ్యం తూచి, ఆ బియ్యాన్నే అవతలి పళ్ళెంలో తూకంరాయిగా పెట్టి మళ్ళీ తూస్తే ముల్లు నడిమధ్యలోనే నిలుస్తుంది, దాన్ని చూసి కాటా సరిగ్గా ఉందంటే ఎలా? రూట్ కట్టేటప్పుడే నువ్వు "నల్లవాటి వాటా = క్యూ స్క్వేర్" అని ఒప్పేసుకున్నావు, ఆ మాట ఈక్విలిబ్రియంలో ఉన్న పాపులేషన్‌కి మాత్రమే నిజం. అంటే దేన్ని టెస్ట్ చేయాలో దాన్నే ముందు ఒప్పుకుని లెక్క మొదలెట్టావు. 27 లో 2 నల్లవి ఉన్నా, 25 ఉన్నా ఈ పద్ధతిలో సున్నాయే వస్తుంది, కావాలంటే వేసి చూడు.

మాత్ లెక్కలో ఈ గొడవ లేదు ఎందుకంటే అక్కడ మధ్యరకం కంటికి కనిపిస్తుంది, అల్లీల్స్‌ని ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. 1469 రెట్టింపు 2938, దానికి 138 కలిపితే 3076, మొత్తం 3224 అల్లీల్స్. ఎక్కడా రూట్ లేదు, అందుకే అక్కడ టెస్ట్‌కి అర్థం ఉంది.

గళ్ళచొక్కా:

అన్నా దండం. 2 నల్లవి వేసి చూశా, నిజంగానే సున్నా. 26 వేసినా సున్నా. నాకు నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు. అయితే పులుల్ని వదిలేసి ఇంకో జంతువు చూసుకోవాలా?

దీపంపురుగు:

వదలకు, ఆగు, పులుల సంగతి కింద ఎవరో చెప్తారు, ముందు ఆ మాత్ గురించి నాకు రెండు మాటలు చెప్పాలని ఉంది, ఆ పురుగంటే నాకు పిచ్చి. ముందురెక్క పచ్చటి మెరుపున్న నలుపు మీద తెలుపు పసుపు చుక్కలు, ఎగిరినప్పుడు వెనకరెక్క ఎర్రగా కుంకుమలా కనిపిస్తుంది. పగలే తిరుగుతుంది కూడా. ఒక్క జీన్ మారితే ఆ చుక్కలు తగ్గి వెనకరెక్కలో నలుపు పెరుగుతుంది.

నీ 0.83 ని విడగొట్టి చూశావా? డొమినులా నుంచి 0.002, మెడియోనిగ్రా నుంచి 0.073, మిగతా 0.756 అంతా ఆ ఐదు బైమాకులా పురుగుల నుంచే! 1612 పురుగులు పట్టినా ఫలితం మొత్తం ఐదింటి మీద వేలాడుతోంది. ఎక్స్‌పెక్టెడ్ 5 కంటే తక్కువ ఉన్న క్లాసులో కై-స్క్వేర్‌ని నమ్మొద్దని చెప్తారు కదా, ఇక్కడ 3.4 ఉంది. ఇలాంటప్పుడు ఎగ్జాక్ట్ టెస్ట్ (ఉజ్జాయింపు లేకుండా సంభావ్యతని నేరుగా కట్టేది) చేయాలి. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో హార్డీవైన్‌బర్గ్ అనే ప్యాకేజీయే ఉంది, ఒక్క లైన్ పని. అసైన్‌మెంట్‌లో అది కూడా పెడితే మేడమ్ ఇంప్రెస్ అవుతారు.

ఇంకోటి. పాస్ అయ్యింది కదా అని "ఈ పాపులేషన్‌లో ఎవల్యూషన్ జరగట్లేదు" అని మాత్రం రాయకు, సగంమంది రాసే తప్పు ఇదే. ఇదే కాట్‌హిల్ కాలనీలో మెడియోనిగ్రా జీన్ 1929 కి ముందు పట్టిన నమూనాల్లో 1 శాతం పైన ఉంటే 1939, 40 కి 9 నుంచి 11 శాతానికి ఎగబాకి మళ్ళీ దిగింది. నీ లెక్కలో 4.6 శాతం. ఇంత ఊగిసలాట ఉన్న కాలనీ కూడా హార్డీ-వైన్‌బర్గ్ పాసైపోతోంది! ఎందుకంటే యాదృచ్ఛికంగా జత కట్టుకుంటే ఒక్క తరంలోనే పి స్క్వేర్, 2 పిక్యూ, క్యూ స్క్వేర్ మళ్ళీ కుదురుకుంటాయి, పి ఎంత ఉందన్నదానితో పని లేదు. టెస్ట్ చూసేది ఈ తరంలో అల్లీల్స్ ఎలా జతపడ్డాయి అని మాత్రమే, పోయినేటి నుంచి ఈ ఏటికి పి మారిందా లేదా అన్నది దానికి కనపడదు. ఆ ఊగిసలాట సెలెక్షన్ (కొన్ని రకాలు ఎక్కువగా బతికి పిల్లల్ని కనడం) వల్లేనని 1947 లో ఫిషర్, ఫోర్డ్ రాస్తే, డ్రిఫ్ట్ (అల్లీల్ వాటా కేవలం యాదృచ్ఛికంగా మారడం) సంగతి ఏంటని అమెరికా జెనెటిసిస్ట్ సీవల్ రైట్ ఎదురు తిరిగాడు, పెద్ద రచ్చ అయింది అప్పట్లో.

ఇది పక్కదారే గానీ చెప్పకుండా ఉండలేను, హార్డీ అంటే మన రామానుజన్‌ని కేంబ్రిడ్జ్ పిలిపించుకున్న హార్డీయే. 1908 లో ఆయనతో క్రికెట్ ఆడే జెనెటిసిస్ట్ పన్నెట్ ఈ డౌట్ అడిగితే సైన్స్ పత్రికకి ఒక చిన్న ఉత్తరంలా రాసిపడేశాడు. అదే ఏడు జర్మనీ డాక్టర్ వైన్‌బర్గ్ విడిగా అదే చెప్పాడు.

మెరుపుతీగ_22:

దీపంపురుగు గారూ చిన్న డౌట్, సెలెక్షన్ ఉంటే హార్డీ-వైన్‌బర్గ్ ఫెయిల్ అవ్వాలనే కదా డిగ్రీలో చెప్పారు? ఈక్విలిబ్రియంకి చెప్పే ఐదు కండిషన్లలో సెలెక్షన్ లేకపోవడం ఒకటి.

దీపంపురుగు:

ఎప్పుడు లెక్కపెట్టావు అన్నదాన్నిబట్టి ఉంటుందండీ. గుడ్ల దశలో లెక్కపెడితే చావు ఇంకా రాలేదు కాబట్టి నున్నగా పాస్ అవుతుంది, సెలెక్షన్ తర్వాత మిగిలిన పెద్దవాటిని లెక్కపెడితే ఫెయిల్ అవ్వొచ్చు, అది కూడా సెలెక్షన్ గట్టిగా ఉంటేనే. ఒక్కో అల్లీల్ ఒక్కో రెట్టు చొప్పున బతుకు తగ్గిస్తే, అంటే ఒకటుంటే 0.9, రెండుంటే 0.81 లాగా, అప్పుడు సెలెక్షన్ తర్వాత కూడా పాసైపోతుంది, పి మాత్రం మారిపోయి ఉంటుంది. ఐదు కండిషన్లు ఉంటే ఈక్విలిబ్రియం వస్తుంది అన్నారు గానీ ఈక్విలిబ్రియం కనిపిస్తే ఐదూ ఉన్నట్టే అని ఎవరూ అనలేదు.

పెంటికలపోరి:

పేరు చూసి నవ్వకండి, రెండేళ్ళు వైల్డ్‌లైఫ్ జెనెటిక్స్ ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా పులి పెంటికల నుంచి డీఎన్ఏ తీయడమే నా పని.

గళ్ళచొక్కా తమ్ముడూ, పులుల్ని వదలక్కర్లేదు, కంటికి కనిపించే రంగు బదులు జీనోటైప్ వాడు. బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో ఉమా రామకృష్ణన్ గారి టీమ్ 2021 లో ఇది తేల్చింది. నల్లపులి అంటే నిజానికి ఒళ్ళంతా నలుపు కాదు, చారలు వెడల్పై ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, అందుకే సూడోమెలనిస్టిక్ అంటారు. దానికి కారణం టాక్‌పెప్ అనే జీన్‌లో ఒక మార్పు, ప్రోటీన్‌లో 454వ చోట హిస్టిడిన్ పోయి టైరోసిన్ వస్తుంది. ఇంటి పిల్లుల్లో చారల బదులు సుడులు తిరిగిన మచ్చలకీ, కింగ్ చీతాకీ కూడా ఇదే జీన్. సిమిలిపాల్‌లో 12 పులుల డీఎన్ఏ చూస్తే ఆ అల్లీల్ 0.58, బయట మిగతా పాపులేషన్లన్నీ కలిపి 395 పులుల్లో ఒక్కదానికీ లేదు.

ఇప్పుడు మజా చూడు. 12 పులులంటే 24 అల్లీల్స్, 0.58 అంటే అందులో 14. ఇది రూట్ కట్టి తెచ్చింది కాదు, లెక్కపెట్టింది. దీని స్క్వేర్ 0.34, అంటే ఈక్విలిబ్రియంలో ఉంటే 34 శాతం నల్లవి ఉండాలి. కెమెరాల్లో అప్పట్లో కనిపించినవి 37 శాతం. దగ్గరగానే ఉన్నాయి కదా, క్యూ ఒకచోటి నుంచి, నల్లవాటి వాటా ఇంకోచోటి నుంచి వచ్చాయి కాబట్టి ఈ పోలికకి ఎంతోకొంత అర్థం ఉంది. కానీ గంతులేయకు, 24 అల్లీల్స్ మీద 0.58 అంటే అటూఇటూ 0.2 పొరపాటు ఉంటుంది, 0.38 నుంచి 0.78 దాకా ఏదైనా కావచ్చు. నువ్వు రూట్ కట్టిన 0.69 కూడా అందులోనే పడుతుంది.

తక్కువ శాంపిల్‌తో వచ్చే పేచీ ఇంకోటుంది. రెండు అల్లీల్స్ ఉన్నచోట కై-స్క్వేర్ అంటే ఎన్ ఇంటూ ఎఫ్ స్క్వేర్, ఎఫ్ అంటే హెటిరోజైగోట్లు ఎంత వాటా తగ్గాయో అది. మాత్‌లో 138 బదులు 141.2 ఉండాలి, ఎఫ్ 0.0227, స్క్వేర్ చేసి 1612 తో గుణిస్తే నీ 0.83 వస్తుంది. ఇప్పుడు 27 పులులన్నిటి జీనోటైప్ నీ చేతిలో ఉందనుకో, టెస్ట్ ఫెయిల్ అవ్వాలంటే ఎఫ్ ఎంత ఉండాలి? 3.84 ని 27 తో భాగించి రూట్, 0.38. సొంత అన్నాచెల్లెళ్ళు జతకడితే పుట్టేవాటికి ఎఫ్ 0.25. అంటే అడవిలో ప్రతి పులీ తోబుట్టువుల పిల్లే అయినా నీ టెస్ట్ చాలావరకు "అంతా బాగుంది" అనే చెప్తుంది! 1612 పురుగులుంటే మాత్రం 0.05 కే పట్టేస్తుంది. పులుల మీద పాస్ అయ్యిందని ఎవరైనా రాస్తే ముందు ఎన్ని పులులో చూడు.

ఇక ఫెయిల్ అయితే? అప్పుడు కూడా పాపులేషన్‌ని తిట్టే ముందు మన చేతుల్ని అనుమానించాలి. మేం పెంటిక పైపొరని మాత్రమే బ్లేడుతో గీకేవాళ్ళం, పులి పేగు కణాలు అక్కడే ఉంటాయి, లోపలికి పోతే జింక డీఎన్ఏ వస్తుంది. అది పులిదా చిరుతదా అని ముందు తేల్చాలి, ఒకే పులి నాలుగుచోట్ల వేసినవి నాలుగు పులులుగా లెక్కపడకుండా చూసుకోవాలి. ఇంత చేసినా ఎండకి ఎండిన పెంటికలో డీఎన్ఏ ముక్కలు ముక్కలై ఉంటుంది, పీసీఆర్‌లో (డీఎన్ఏకి కాపీలు తీసే పద్ధతి) రెండు అల్లీల్స్‌లో ఒకటే లేస్తుంది, హెటిరోజైగోట్ కాస్తా హోమోజైగోట్‌లా (రెండూ ఒకే అల్లీల్ ఉన్నదానిలా) కనిపిస్తుంది. డ్రాపౌట్ అంటారు దాన్ని. అందుకే ఒక్కో శాంపిల్‌ని మళ్ళీ మళ్ళీ రన్ చేస్తాం. ఒకసారి మాకు ఒక లోకస్‌లో (డీఎన్ఏలో మేం చూసే ఒక చోటు) హెటిరోలు దాదాపు మాయమైపోయాయి, మా సీనియర్ ఒకాయన ఇన్‌బ్రీడింగ్ (దగ్గరి చుట్టాల మధ్య జతకట్టడం) అని పోస్టర్ కూడా మొదలెట్టేశారు, మిగతా లోకస్‌లన్నీ శుభ్రంగా పాస్ అవుతుంటే ఇదొక్కటే ఎందుకు ఏడుస్తోందని వేరే ప్రైమర్ (పీసీఆర్ మొదలవడానికి డీఎన్ఏకి అంటుకునే చిన్న ముక్క) తెప్పించి చూస్తే నల్ అల్లీల్. పాత ప్రైమర్ అంటుకునే చోటే మ్యుటేషన్ ఉందన్నమాట. ఇన్‌బ్రీడింగ్ అయితే అన్ని లోకస్‌లలోనూ తగ్గాలి, ఒక్కదాంట్లోనే తగ్గితే మన ప్రైమర్నే అనుమానించాలి.

కూడికలతాత:

పెంటికలపోరి అమ్మా, బాగా చెప్పావు. అన్నిటిలోనూ తగ్గినా ఇన్‌బ్రీడింగే అనుకోవద్దు అని కూడా కలుపుదాం. రెండు అడవుల శాంపిల్స్ తెలీకుండా ఒక సంచిలో వేసినా అంతే. సిమిలిపాల్ నుంచి కొన్ని పులులు (క్యూ 0.58), ఇంకో అడవి నుంచి అన్నే పులులు (క్యూ సున్నా) కలిపామనుకోండి. సగటు క్యూ 0.29, ఎక్స్‌పెక్టెడ్ హెటిరో 41 శాతం. నిజంగా ఉండేవి? సిమిలిపాల్‌లో 49 శాతం, అవతల సున్నా, కలిపితే 24 శాతం. ఎఫ్ 0.4 దాకా వస్తుంది, రెండు అడవులూ విడివిడిగా పక్కా ఈక్విలిబ్రియంలో ఉన్నా సరే. వాలుండ్ ఎఫెక్ట్ అంటారు దీన్ని.

శ్రీకాకుళం_చిన్నోడు:

మాకు ఒడిశా పక్కూరే కాబట్టి అడుగుతున్నా, తాడోబా నుంచి తెచ్చి వదిలారు కదా జమున, జీనత్ అని రెండు ఆడపులుల్ని, 2024 లో. ఆ జీనత్ పారిపోయి జార్ఖండ్, బెంగాల్ తిరిగి బాంకురాలో దొరికింది, టీవీలో రోజూ అదే. అవి వచ్చాక ఈ లెక్క ఏమవుద్ది? నల్లపులులు పోతాయా?

పెంటికలపోరి:

పోవు గానీ తగ్గుతాయి చిన్నోడు గారూ. బయటి 395 లో ఒక్కదానికీ ఆ అల్లీల్ లేదు కాబట్టి తాడోబా ఆడపులి దగ్గర ఉండదనే అనుకుందాం. అది నల్ల మగపులితో కలిసినా పుట్టే పిల్లల్లో ఒక్కటీ నల్లగా ఉండదు, అన్నీ మామూలు చారలవే, కానీ ప్రతి పిల్లా క్యారియరే (పైకి కనిపించకుండా ఒక నలుపు అల్లీల్ మోసేదే). అంటే ఆ తరంలో హెటిరోజైగోట్లు ఉండాల్సినదానికంటే ఎక్కువైపోయి ఎఫ్ మైనస్‌లోకి పోతుంది, ఆ పిల్లలు పెద్దవై ఇష్టమొచ్చినట్టు జతకట్టాక మళ్ళీ సర్దుకుంటుంది. వాటిని తెచ్చిందే అందుకు, అక్కడ బయటి రక్తం కలవక జెనెటిక్ డైవర్సిటీ బాగా తక్కువగా ఉంది. నలుపు అంత పెరగడానికి కూడా కొద్ది పులులతో మొదలవడం, డ్రిఫ్ట్ సరిపోతాయని ఆ 2021 పేపర్లో సిమ్యులేషన్లు చూపించాయి. నలుపు అడవిలో దాక్కోడానికి పనికొస్తుందని వాట్సాప్‌లో తిరుగుతుంది గానీ దానికి గట్టి రుజువు నేనైతే చూడలేదు.

గళ్ళచొక్కా:

అక్కా అన్నా అందరికీ థాంక్స్, పులుల సెక్షన్ మొత్తం కొట్టేసి మళ్ళీ రాశా. రూట్ లెక్క ఎందుకు పనికిరాదో ఒక పేరా, తర్వాత 0.58 తో పోలిక, 27 పులులకి ఎఫ్ 0.38 సంగతి.

ఒక్క ప్రాబ్లమ్. దీపంపురుగు గారు చెప్పిన ఎగ్జాక్ట్ టెస్ట్ ఆర్ లో చేస్తే పి-వాల్యూ (ఇది ఆ అల్లీల్ పి కాదు, 0.05 కంటే తగ్గితే ఫెయిల్ అనే నంబరు) దాదాపు సున్నా చూపిస్తోంది, కై-స్క్వేర్‌లో పాస్ అయ్యింది ఇందులో ఘోరంగా ఫెయిల్ అయ్యింది. ఐదు పురుగుల వల్ల ఇంత తేడా వస్తుందా?

దీపంపురుగు:

రాదు. నంబర్లు ఏ వరసలో ఇచ్చావు?

గళ్ళచొక్కా:

1469, 5, 138. రెండు హోమోజైగోట్లు ముందు, హెటిరో చివర అనుకున్నా.

దీపంపురుగు:

హెటిరో మధ్యలో ఉండాలి బాబూ! నువ్వు 1612 పురుగుల్లో ఐదే హెటిరోలు అని చెప్పావు దానికి, పాపం అది నిజాయితీగా ఫెయిల్ చేసింది. 1469, 138, 5 అని ఇచ్చి మళ్ళీ నొక్కు.

గళ్ళచొక్కా:

పాస్ 🙈 రూమ్మేట్‌కి చెప్పకండి.